రాయి లేని సీమ

కోనసీమలో రాయి దొరకదు. పది అడుగులు తవ్వినా వంద అడుగులు తవ్వినా ఒండ్రు, ఇసుక, బంకమన్ను, మళ్లీ ఇసుక. బోరు వేసేవాళ్లకి ఇక్కడ బండ తగులుతుందన్న భయం లేదు. అమలాపురంలో ఇల్లు కట్టాలన్నా, రాజోలులో రోడ్డు వెయ్యాలన్నా, ఏటిగట్టు కోత ఆపడానికి రాళ్లు పేర్చాలన్నా ఆ రాయి లారీ ఎక్కి రావాల్సిందే. అలా వచ్చేదాంట్లో నల్లకంకర ఎక్కువ. గోదావరికి పడమటి వైపున గౌరీపట్నం, పంగిడి క్వారీల్లో పగలగొట్టే రాయి అది.

ఈ అధ్యాయం కొండల గురించి, మంచు గురించి, అలల గురించి. ఈ మూడింట్లో కోనసీమవాళ్లకి కళ్లెదుట కనిపించేవి అలలు మాత్రమే. అయినా మూడూ ఎంత అశాశ్వతమో చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు నాకు దొరకలేదు. కోనసీమ నేల మొత్తం ఒకప్పటి కొండే. ఆ కొండపొడి ఇక్కడ నిలవడానికి అవకాశం ఇచ్చింది ఎక్కడో ఉత్తరాన మంచు కరగడం నెమ్మదించడం. దాన్ని ఈ ఆకారానికి దిద్దింది అలలు.

ముందు నల్లకంకర సంగతి చూద్దాం. ఆ రాయి పుట్టింది గౌరీపట్నంలో కాదు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట ఇప్పటి మహారాష్ట్ర ప్రాంతంలో నేల చీలి లావా పొంగింది. ఒకసారి కాదు, పొర మీద పొరగా లక్షల ఏళ్లు పొంగింది. ఇప్పటికీ 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉన్న దక్కను నల్లరాయి అదే. మన రాజమండ్రికి అటూ ఇటూ, ఆ ప్రధాన భూభాగానికి ఎంతో దూరంగా, అలాంటి రాయే చిన్న తునకగా ఎందుకుందన్నది చాలాకాలం తేలలేదు. ఇక్కడే విడిగా లావా ఎగజిమ్మిందని కొందరు అన్నారు. 2008లో స్టీఫెన్ సెల్ఫ్, ఆయన సహచరులు రాజమండ్రి దగ్గరి పొరల రసాయన కూర్పును, అయస్కాంత గుణాన్ని మహాబలేశ్వరం దగ్గరి పొరలతో సరిపోల్చారు. రెండూ ఒకటేనని తేల్చారు. అప్పటి నదీలోయలు పట్టుకుని లావా దాదాపు 1,000 కిలోమీటర్లు పారి తూర్పు సముద్రం దాకా వచ్చిందన్నమాట. భూమ్మీద ఇంత దూరం పారిన లావా ఇంకొకటి ఉన్నట్టు ఇంతవరకు ఎవరూ చూపలేదు.

సముద్రం దాకా అన్నాను. అప్పటి సముద్రతీరం రాజమండ్రి దగ్గరే ఉండేది. దుద్దుకూరు, కాటేరు వైపు క్వారీల్లో రెండు లావా పొరల నడుమ సున్నపురాయి ఉంది. అందులో ఉప్పునీటి గవ్వలు, కంటికి ఆనని సముద్రజీవుల పెంకులు ఉన్నాయి. ఒక లావా పొరకూ ఇంకో పొరకూ మధ్య సముద్రం వచ్చి, గవ్వలు పెరిగి, పూడిపోయేంత వ్యవధి ఉందన్నమాట. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ ఈ సున్నపురాతిని పట్టుకునే దక్కను లావాకీ, రాక్షసిబల్లులు అంతరించిన కాలానికీ ముడి వేసింది. రాక్షసిబల్లుల్ని చంపింది ఉల్కా, లావానా అన్న తగాదా ఇంకా తెగలేదు. ఆ తగాదాలో సాక్ష్యం చెప్పిన రాళ్లలో మన క్వారీ రాళ్లు కూడా ఉన్నాయి.

ఇంకో తమాషా ఉంది. కోనసీమలో రాయి లేదని మొదట అన్న మాట పైపై మాటే. గ్యాస్ కోసం కిలోమీటర్ల లోతుకి బావులు దింపినప్పుడు డ్రిల్లు ఇదే నల్లరాతికి తగిలింది. కృష్ణా గోదావరి బేసిన్ పొరల జాబితాలో భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ పొరకు పెట్టిన పేరు రాజోలు ఫార్మేషన్. ఒకప్పుడు ఎండ పడ్డ లావా నేల ఇప్పుడు రాజోలు కొబ్బరితోటల అడుగున కిలోమీటర్ల లోతున ఉంది. నేల కుంగుతూ వచ్చింది, నది పూడుస్తూ వచ్చింది. కుంగడం, పూడడం అనే ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి. అధ్యాయం చివర వీటితో పని పడుతుంది.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. గోదావరి త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. పుట్టినచోటికి అరేబియా సముద్రం 80 కిలోమీటర్లే. అయినా ఆ కొండ వాలు తూర్పుకి ఉంది కాబట్టి నది మన వైపు వచ్చింది. దాని పరివాహక ప్రాంతం సుమారు 3.12 లక్షల చదరపు కిలోమీటర్లు. 1970ల్లో అది ఏడాదికి సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసుకొచ్చేది. గట్టిరాయి ఘనపు మీటరు బరువు 2.7 టన్నులు అనుకుంటే, ఏటా 5.5 కోట్ల ఘనపు మీటర్ల రాయి అరిగి వచ్చినట్టు. ఆ నష్టాన్ని పరివాహక ప్రాంతం అంతటికీ సమానంగా పంచితే ఏడాదికి 0.18 మిల్లీమీటరు. ఒక మనిషి జీవితకాలంలో ఒకటిన్నర సెంటీమీటరు కూడా కాదు. ఎవరూ గమనించరు. కానీ ఆ వేగంతో మీటరు మందం అరగడానికి 5,600 ఏళ్లు చాలు. కిలోమీటరు అరగడానికి 56 లక్షల ఏళ్లు.

ఇక్కడ చదువరి చెయ్యి ఎత్తాలి. లావా చల్లారి 6.6 కోట్ల ఏళ్లయింది కదా, ఈ లెక్కన దాదాపు 12 కిలోమీటర్ల మందం కొట్టుకుపోయి ఉండాలి, పడమటి కనుమలు ఇంకా ఎందుకున్నాయి? కల్సూబాయి శిఖరం ఇప్పటికీ 1,646 మీటర్ల ఎత్తున ఎలా నిలబడింది?

దీనికి సగం జవాబు భూమి లోపల ఉంది. కొండలు నేల మీద పెట్టిన బరువులు కావు. భూమి పైపొర అడుగున ఉన్న మెత్తటి, బరువైన రాతి మీద తేలుతుంటుంది. పడవలో సరుకు దింపేకొద్దీ పడవ పైకి తేలినట్టు, కొండ అరిగి బరువు తగ్గేకొద్దీ దాని అడుగు పైకి లేస్తుంది. పైన కిలోమీటరు కోసుకుపోతే కిందనుంచి సుమారు 800 మీటర్లు లేస్తుంది. అందుకే కొండలు మన లెక్క కన్నా ఎక్కువకాలం నిలుస్తాయి. నిలబడేది కొండ ఆకారం, ఎత్తు మాత్రమే. రాయి మారిపోతూ ఉంటుంది. మిగతా సగం జవాబు నాగలి దగ్గర ఉంది. దాన్ని కాసేపు పక్కన పెడదాం.

కొండ అడుగు పైకి లేస్తుందన్నది పుస్తకాల మాట అనుకునేవాళ్లు అంతర్వేది నుంచి ఓడలరేవు దాకా ఉన్న తీరంలో ఎక్కడైనా ఇసుకను పరికించి చూడండి. అలలు వెనక్కి లాగినచోట నల్లటి చారలు కనిపిస్తాయి. బరువైన ఖనిజాలు అవి. తేలిక ఇసుకను అల లాక్కుపోతే ఇవి మిగిలిపోతాయి. ఆ నలుపులో లేత ఎరుపు రేణువులు కలిసి ఉంటాయి. అవి గార్నెట్. ఆ గార్నెట్ దక్కను లావాది కాదు, తూర్పు కనుమలది. పాపికొండల్లో ఉన్న ఖోండలైట్ అనే రాతిలో పుడుతుంది. కోణార్క్ గుడి కట్టింది కూడా ఈ జాతి రాతితోనే. గట్టిరాయనుకుని కట్టారు, ఎనిమిది వందల ఏళ్లు తిరక్కుండానే అది పొడి రాలుతోంది.

ఖోండలైట్ పుట్టాలంటే ఒకప్పటి సముద్రపు బురద భూమిలోకి 20 నుంచి 30 కిలోమీటర్ల లోతుకి దిగాలి. అక్కడ 900 డిగ్రీల దాకా వేడెక్కాలి. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట అది జరిగింది. అప్పుడు మన తూర్పుతీరం, అంటార్కిటికా ఒకదానికొకటి ఒరుసుకుని మధ్యలో కొండలు లేచాయి. ఆ కొండల వేళ్లలో కాగిన రాయి ఇప్పుడు పాపికొండల్లో పడవ మీద వెళ్లేవాళ్ల కంటి ఎదుట ఉంది. దాని మీద ఒకప్పుడున్న పాతిక కిలోమీటర్ల రాయి ఏమైంది? పోయింది. వాన, ఎండ, నది తినేశాయి. పాపికొండల్ని కొండలని పిలుస్తున్నాం కానీ అవి ఒక పెద్ద పర్వతశ్రేణి అడుగుభాగం. ఆ శ్రేణిలో రెండో ముక్క అంటార్కిటికాలో ఎండర్‌బీ లాండ్ దగ్గర మంచు కింద ఉంది. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట రెండూ విడిపోయి మధ్యలో సముద్రం దూరింది. మన బంగాళాఖాతం పుట్టుక అదే. కోనసీమ కూర్చున్న గుంట పుట్టుకా అదే.

మంచు మాటెత్తితే గోదావరి జిల్లాలవాళ్లు నవ్వుతారు. ఇక్కడ సంక్రాంతి చలే చలి. కానీ ఇదే గోదావరి లోయలో మంచు నడిచిన గుర్తులున్నాయి. పెన్‌గంగ, వార్ధా నదులు కలిసే ప్రాంతంలో, చంద్రపూర్ జిల్లాలోని ఇరాయి దగ్గర సున్నపుబండ నున్నగా అరిగి, ఒకే దిక్కుకి గీతలు పడి ఉంది. 1870ల్లో ఫెడ్డెన్ అనే జియలాజికల్ సర్వే ఉద్యోగి దాన్ని చూసి ఇది మంచు చేసిన పని అన్నాడు. ఉష్ణదేశంలో మంచు ఏమిటని అప్పట్లో చాలామందికి మింగుడు పడలేదు. ఇప్పుడు సందేహం లేదు. 30 కోట్ల ఏళ్ల కిందట భారతభూమి దక్షిణ ధ్రువానికి చేరువలో ఉండేది. మంచుపలకలు గోదావరి లోయలో గుండ్రాళ్లను ఈడ్చుకుంటూ పాకాయి. ఆ రాళ్లు కలిసిన తాల్చేరు పొర ఆదిలాబాద్ నుంచి కిందికి లోయ పొడుగునా బొగ్గుపొరల అడుగున ఉంది. మంచు కరిగాక అక్కడ చిత్తడి అడవులు పెరిగాయి. అవే సింగరేణి బొగ్గు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టినప్పుడు ఆయన కాళ్ల కింద ఉన్నది ఒక మంచుయుగం పోయాక పెరిగిన అడవి. ఆ కాలపు బొగ్గుపొరలు కోనసీమ గుంటలో కూడా చాలా లోతున ఉన్నాయి.

ఆ మంచు కథ ముగిసింది. కోనసీమకు నేరుగా సంబంధించిన మంచు నిన్నమొన్నటిది. 20,000 ఏళ్ల కిందటిది.

అప్పుడు ఉత్తర అమెరికా, ఉత్తర ఐరోపా మీద కిలోమీటర్ల మందాన మంచు పేరుకుంది. ఆ మంచుకి నీరు సముద్రం నుంచే వెళ్లాలి. ప్రపంచమంతటా సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్లు కిందికి దిగింది. మన తీరం పదుల కిలోమీటర్లు అవతలికి జరిగింది. ఇప్పుడు మరబోట్లు వలలు లాగే చోట అప్పుడు పొడినేల ఉంది. గోదావరి దాన్ని కోసుకుంటూ, లోయ లోతు చేసుకుంటూ, తెచ్చిన మట్టిని ఖండపు అంచు మీదినుంచి లోతు సముద్రంలోకి పోసింది. ఆనాడూ ఒక గోదావరి డెల్టా ఉంది. కానీ అది మునిగిపోయింది. మంచు కరగడం మొదలయ్యాక ఒక దశలో సముద్రం ఏటా 4 సెంటీమీటర్ల చొప్పున కొన్ని వందల ఏళ్లు లేచింది. ఇప్పుడు మనం భయపడుతున్న సముద్రమట్టం పెరుగుదల ఏడాదికి 3 నుంచి 4 మిల్లీమీటర్లు. దానికి పది రెట్లన్నమాట. ఆ వేగానికి ఏ నదీ డెల్టా కట్టుకోలేదు. కట్టినదల్లా మునిగింది.

తర్వాత వేగం తగ్గింది. 1994లో స్టాన్లీ, వార్న్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రపంచంలోని డెల్టాల వయసులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నైలు, గంగ, మిసిసిపీ, అన్నీ సుమారు 8,500 నుంచి 6,500 ఏళ్ల మధ్య మొదలయ్యాయని తేలింది. సముద్రం నెమ్మదించాకే నదులకు నేల కట్టే వీలు చిక్కింది. గోదావరి కూడా అప్పుడే మొదలుపెట్టింది. 6,000 ఏళ్ల కిందట తీరం ఇప్పటి తీరానికి దాదాపు 30 కిలోమీటర్ల లోపల ఉంది. అమలాపురం, రాజోలు ఉన్నచోట ఉప్పునీరే. కొత్తపేట వైపు తీరం దగ్గర్లో ఉండి ఉంటుంది. అక్కణ్ణుంచి సగటున ఏడాదికి 5 మీటర్ల చొప్పున నేల ముందుకు జరిగింది. హరప్పా ఊళ్లు కడుతున్న రోజుల్లో రాజోలు ఇంకా పూర్తి కాలేదు.

నది తెచ్చిన మట్టిని సముద్రంలో పోస్తే అది నేల కాదు, నీళ్లలో బురద అవుతుంది. దాన్ని నేల చేసేది అల.

అల అనేది నీరు కాదు, నీటిలో సాగే ఆకారం. ఓడలరేవు ఒడ్డున జూన్‌లో విరిగే అలల్లో కొన్ని బంగాళాఖాతం గాలికి పుట్టినవి కావు. భూమధ్యరేఖకు అవతల, అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రంలో తుఫాను లేచినప్పుడు పుట్టిన పొడవాటి అలలు వేల కిలోమీటర్లు దాటి వారం రోజులకు మన తీరం చేరతాయి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ వాటి రాకను ముందే లెక్కగట్టి మత్స్యకారులకు చెబుతోంది. అయితే ఆ దక్షిణ సముద్రపు నీరు చుక్క కూడా ఇక్కడికి రాదు. అల వెళ్తున్నప్పుడు ప్రతి నీటిబొట్టూ గుండ్రంగా తిరిగి దాదాపు తనచోటికే వస్తుంది. ప్రయాణం చేసేది ఊపు మాత్రమే. తీరం దగ్గర లోతు తగ్గేసరికి అల అడుగు ఇసుకను తాకి నెమ్మదిస్తుంది, తల ముందుకు వాలుతుంది, విరుగుతుంది. దాని ఆయుష్షు అక్కడితో సరి. కానీ విరిగేముందు పిడికెడు ఇసుకను కదిలిస్తుంది. నైరుతి రుతుపవనాల్లో అలలు ఒడ్డుకు ఏటవాలుగా తగులుతాయి కాబట్టి ఆ ఇసుక మొత్తం మీద ఈశాన్యంగా జరుగుతుంది.

కోనసీమ తీరాన్ని ఆకాశం నుంచి తీసిన బొమ్మలో చూస్తే సముద్రానికి సమాంతరంగా ఒకదాని వెనక ఒకటి చారలు కనిపిస్తాయి. ప్రతి చారా ఒకప్పటి సముద్రపు ఒడ్డు. వరదలో నది మొగ దగ్గర ఇసుక పోస్తుంది. అలలు దాన్ని పక్కకు తోసి, పేర్చి, దిబ్బ చేస్తాయి. కొన్ని వందల ఏళ్లకు దాని ముందు ఇంకో దిబ్బ లేస్తుంది. రెండు దిబ్బల మధ్య పల్లం మిగులుతుంది. ఊరు మెరక మీద, వరి పల్లంలో. మామిడికుదురు, మలికిపురం, అల్లవరం వైపు ఊళ్లు, రోడ్లు, కొబ్బరితోటలు ఎందుకలా వరసలుగా ఉన్నాయో దీనితో తెలుస్తుంది. మంచినీళ్ల బావి కూడా మెరక మీదే దొరుకుతుంది. వాన నీరు ఇసుకదిబ్బలో ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి దాని మీద తేలుతూ ఉంటుంది. ఎక్కువ తోడితే కింది ఉప్పు పైకి వస్తుంది. పక్క పల్లంలో ఉప్పునీటి రొయ్యల చెరువు తవ్వినా అంతే. మన రాజులు ఇక్కడి అగ్రహారాల్ని సూర్యచంద్రులున్నంతకాలం అనుభవించమని రాసిచ్చారు. నేల అంతకాలం ఉంటుందా అని ఎవరూ అడిగినట్టు లేదు.

అల చేసే మేలు ఇది. అదే అల అదే ఇసుకతో మొగలు పూడుస్తుంది. కూనవరం, రామేశ్వరం మొగల దగ్గర ఇసుక అడ్డం పడితే మురుగు సముద్రంలోకి దిగదు, పల్లపు చేలు మునుగుతాయి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో మురుగుకాలవల బాధ కూడా ఉంది. తూర్పున కోరంగి ఒకప్పుడు ఓడలు బాగుచేసే రేవు. బర్మాలో తెలుగు కూలీలందరినీ కోరంగీలు అనేంత పేరున్న ఊరు. 1789, 1839 తుఫానులు దాన్ని దెబ్బతీశాయి. మిగిలిన పని ఇసుక చేసింది. గోదావరి గౌతమి పాయ మొగ నుంచి అలలు ఉత్తరంగా నెట్టుకుపోయిన ఇసుక గత రెండు శతాబ్దాల్లోనే హోప్ ఐలాండ్ అయింది. 15 కిలోమీటర్లకు పైగా పొడవున్న నేల. పాత పటాల్లో దాని స్థానంలో నీరే ఉంది. నేల పుట్టడం చూడాలంటే భూగర్భశాస్త్రం చదవక్కర్లేదు, కాకినాడ నుంచి పడవెక్కితే సరిపోతుంది.

అలకు పది సెకన్లు, మంచుయుగానికి లక్ష ఏళ్లు, కొండకు కోట్ల ఏళ్లు. ఆయుష్షులు వేరు గానీ మూడూ ఒకే రకం వస్తువులు. లోపలి సరుకు మారిపోతుంటే కొంతకాలం నిలిచే ఆకారాలు. నా ఉద్దేశంలో కోనసీమ కూడా ఈ జాబితాలోదే. దాని ఆయుష్షు మాత్రం కొంతవరకు మన చేతిలో ఉంది.

పక్కన పెట్టిన నాగలి దగ్గరికి వద్దాం. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే పరిశోధన ఓడ గ్యాస్ హైడ్రేట్ల కోసం కృష్ణా గోదావరి తీరాన సముద్రపు అడుగును తవ్వింది. పైకి తీసిన బురద కడ్డీల్లో ఒకటి గోదావరి మొగకు ఎదురుగా ఉన్నచోటిది. లివియు జోసాన్ బృందం దాన్ని పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించింది. ఏ పొరలో మట్టి దక్కను లావాది, ఏ పొరలోది తూర్పు కనుమల పాతరాతిది అన్నది రసాయన పరీక్షలో తెలుస్తుంది. గడిచిన సుమారు 4,000 ఏళ్లలో ఒండ్రు బాగా పెరిగింది. దానిలో దక్కను నల్లమట్టి వాటా కూడా పెరిగింది. అదే కాలంలో వానలు తగ్గి మధ్యభారతం ఎండింది, అడవి పలచబడింది. అదే కాలంలో దక్కను మీద రాగి పనిముట్ల కాలపు రైతులు ఊళ్లు కట్టి, నేల దున్నడం మొదలుపెట్టారు. వానలు తగ్గితే ఒండ్రు తగ్గాలి. పెరిగిందంటే నేల కప్పు పోయిందని అర్థం.

కాబట్టి మన 0.18 మిల్లీమీటరు ప్రకృతి సహజమైన వేగం కాదు. అందులో నాగలి వాటా ఉంది. మరాఠ్వాడా, తెలంగాణ రైతు పోగొట్టుకున్న మట్టి కోనసీమ రైతుకు దక్కింది. కోనసీమను గోదావరి తల్లి కానుక అంటారు. ఎగువ రైతుల నష్టం అని కూడా అనాలి.

ఇప్పుడు చివరి లెక్క. కొత్తగా పేరుకున్న బురద తన బరువుకి తానే కుంగుతుంది. డెల్టా నేల అంతా ఇలా కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది. ఏటా ఎర్రనీరు వచ్చి, గట్లు దాటి, పలచటి పొర పరిస్తే ఆ లోటు తీరుతుంది. 1852లో కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక కాలవలు వచ్చాయి, ఏటిగట్లు బలపడ్డాయి, కరువు పోయింది. ఆయన విగ్రహాలకు దండలు వెయ్యడం న్యాయమే. కానీ గట్లు వరదను ఆపాయి, వరదతో వచ్చే ఒండ్రునూ ఆపాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద చూసినవాళ్లెవరూ గట్లు తీసెయ్యమనరు. నేనూ అనను.

అసలు దెబ్బ గట్ల వల్ల రాలేదు. మంజీర మీద నిజాంసాగర్ 1931 నాటిది. తర్వాత శ్రీరాంసాగర్, పైఠాన్ దగ్గర జయక్‌వాడీ, ఉపనదుల మీద ఇంకెన్నో. ప్రతి జలాశయంలోనూ నీరు నిలిచినచోట ఒండ్రు కూర్చుంటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, సహపరిశోధకులు 2010లో ఆ లెక్క తేల్చారు. 1970ల్లో ఏటా 15 కోట్ల టన్నులు తెచ్చిన గోదావరి 2000-2006 నాటికి 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. కృష్ణ పరిస్థితి మరీ ఘోరం. 1960ల చివర 90 లక్షల టన్నులు ఉన్నది 4 లక్షలకు దిగింది. ఫలితం తీరం మీద కనిపించింది. 1965 నుంచి 2008 దాకా రెండు డెల్టాల 336 కిలోమీటర్ల తీరంలో పుట్టిన నేల తీసెయ్యగా 76 చదరపు కిలోమీటర్లు సముద్రంలో కలిసిపోయింది. 1990 తర్వాత ఆ వేగం పెరిగింది. 2009లో ప్రపంచంలోని 33 డెల్టాల్ని పరీక్షించిన మరో పరిశోధన కుంగుతున్నవాటి జాబితాలో గోదావరినీ, కృష్ణనూ చేర్చింది. అలల బలం తగ్గలేదు. వాటికి పేర్చడానికి ఇసుక రానప్పుడు ఉన్నదాన్నే తీసుకెళ్తాయి. సముద్రం ముందుకొచ్చిందని అంతర్వేది వైపు మత్స్యకారులు అంటున్నారంటే దాని వెనక పైఠాన్ ఉంది, శ్రీరాంసాగర్ ఉంది.

నైలు నదిదీ ఇదే కథ. 1970లో అస్వాన్ పెద్ద డ్యామ్ పూర్తయ్యాక దాని మొగలు వేగంగా కోసుకుపోయాయి. మిసిసిపీ డెల్టా 1930ల నుంచి 5,000 చదరపు కిలోమీటర్ల దాకా నేల పోగొట్టుకుంది. ఇటలీలో పో నది డెల్టా కింద నుంచి గ్యాస్ కలిసిన నీటిని తోడడంతో కొన్నిచోట్ల నేల రెండు మీటర్లకు పైగా దిగింది. 1960ల మొదట్లో అక్కడి ప్రభుత్వం ఆ బావుల్ని మూయించింది. గ్యాస్ తియ్యడం వల్ల మా చేలు దిగుతున్నాయని కోనసీమ రైతులు చాలాకాలంగా అంటున్నారు. అది ఎంత నిజమో వాదనలు తేల్చవు, ఏటేటా నేల మట్టం కొలిచిన అంకెలు తేలుస్తాయి. ఆ అంకెలు పంచాయతీ గోడ మీద అంటించి ఉండాలి.

గోదావరి నీళ్ల తగవు తీర్చడానికి 1969లో బచావత్ ట్రిబ్యునల్ కూర్చుంది. 1980లో తుది తీర్పు ఇచ్చింది. ఏ రాష్ట్రానికి ఎన్ని టీఎంసీలో అందులో ఉంది. దిగువకు ఏటా ఎన్ని టన్నుల ఒండ్రు వదలాలో ఒక్క మాట లేదు. అప్పట్లో ఎవరూ అడగలేదు. ఇప్పుడు పోలవరం కడుతున్నారు, ఎగువన మేడిగడ్డ కట్టారు. జలాశయం అడుగునుంచి ఒండ్రును వరదతో పాటు కిందికి వదిలే పద్ధతులు ప్రపంచంలో ఉన్నాయి, చైనా పసుపునది మీద అమలు చేస్తున్నారు కూడా. కోనసీమ నుంచి ఎన్నికయ్యే ప్రతి ఎమ్మెల్యేనూ, ఎంపీనీ, ఈసారి నీటివిడుదల తేదీతో పాటు ఒండ్రు లెక్క కూడా అడగండి.